శిలువలా కనిపించే రాళ్ళు: పినపాక కొండల్లో ఒక నడక



మణుగూరులో బస్సెక్కి ఏటూరునాగారం వైపు ప్రయాణం చేసేవారికి ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డు తెలిసే ఉంటుంది. బస్సు ఆగిన ఆ కాసేపట్లో ఒక టీ త్రాగి, రెండు బజ్జీలు తిని మళ్ళీ ఎక్కి కూర్చుంటాము. ఒక ప్రక్క గోదావరి, మరొక ప్రక్క అడవి కొండలు, నడుమ మిరప తోటలు, పత్తి చేలు. ఇదే పినపాక మండలం. ఒకప్పుడు ఇది ఖమ్మం జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఈ మండలంలోనే జానంపేట అనే ఊరి పరిసరాల్లో క్రీస్తు పుట్టుకకు ముందటి కాలపు గొప్ప శ్మశానం ఒకటి ఉందన్న సంగతి ఆ బస్సులో పోయేవారిలో ఎందరికి తెలుసు?

దీనిని గూర్చి వ్రాయడానికి ఒక కారణముంది. జానంపేట నుండి మంగపేట, తాడ్వాయి అడవుల వరకు సాగే ఈ కొండల మధ్య, శిలువ ఆకారంలో చెక్కి నిలబెట్టిన పాత రాళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి ఫోటోలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో తిరుగుచున్నాయి. ఈ అడవిలో వేల ఏళ్ళ క్రితమే క్రైస్తవులు ఉండేవారని వాటి క్రింద ఎవరో వ్రాస్తున్నారు. మా సంఘంలోని యౌవనస్థులు ఆ ఫోటోలు చూచి సంతోషపడ్డారు. వచ్చే గుడ్‌ఫ్రైడే నాడు ఆ రాళ్ళకు సున్నం వేసి, పూలదండలు వేసి, అక్కడే ఆరాధన పెట్టుకొందామా అయ్యగారూ అని అడిగారు. వారి ఉత్సాహం మంచిదే. అయితే అవునని గాని కాదని గాని చెప్పే ముందు, ముందుగా పోయి చూద్దాం రండి అన్నాను.

కాలిబాట

మాఘ మాసం చివర ఒక ఉదయం బయలుదేరాము. నలుగురు యువకులు, మా సంఘపు పెద్ద ఒకాయన, నేను. ఆ పెద్దాయన కోయవారు. డెబ్బై ఏళ్ళు దాటినా మాకంటే ముందు నడుస్తారు. చిన్నప్పుడు ఈ కొండల్లోనే పశువులను కాచినవారు. కాబట్టి దారి అడగవలసిన పని పడలేదు.

పొలం గట్లు దాటగానే నేల రంగు మారుతుంది. కాళ్ళ క్రింద ఇసుక తగులుతుంది. టేకు ఆకులు రాలి ఎండిపోయి, అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్లు చప్పుడు. ఇప్పచెట్లు ఇంకా పూతకు రాలేదు. తునికి చెట్లకు ఇంకా లేత ఆకు వేయలేదు. ఎండాకాలం వస్తే ఇప్పపూవు, తునికాకు ఈ పల్లెల్లో పిల్లాపాపలందరికీ పని కల్పిస్తాయి. ఇక్కడివారు చిన్న వాగును తోగు అంటారు. అలాంటి తోగు ఒకటి దాటాము. నీరు చీలమండ వరకే ఉంది. అడుగున పలకలు పలకలుగా ఇసుకరాయి పరచినట్లు కనిపించింది. అంత చదునుగా ఉన్న రాతిని చూచి, ఎవరో గచ్చు చేశారా అని ఒక కుర్రవాడు అడిగాడు. ఎవరూ చేయలేదు. ఆ రాయి స్వభావమే అంత. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు చెప్పబోయే సంగతికి ఇదే మూలం.

రాకాసి గుళ్ళు

కొంచెం ఎత్తుకు పోయాక మొదటి రాతి ఇల్లు కనిపించింది. ఇల్లు అని ఎందుకన్నానంటే, చూడడానికి నిజంగా ఇల్లులాగే ఉంటుంది. నాలుగు ప్రక్కల నాలుగు పెద్ద పలకలు నిలబెట్టి, క్రింద ఒక పలక పరచి, పైన ఇంకా పెద్ద పలక కప్పుగా వేశారు. చుట్టూ గుండ్రంగా రాళ్ళు పాతారు. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. పశువులు నీళ్ళు త్రాగే కుడితి తొట్టి అంత. చనిపోయినవారి ఎముకలను అందులో ఉంచేవారు. ఈ ప్రాంతంలో తొట్టిగుట్ట అనే పేరు గల చోటు కూడా ఒకటి ఉంది.

ఇవి ఒకటో రెండో కావు. కొండవాలు పొడవునా ఉన్నాయి. కొన్ని చెక్కుచెదరక నిలిచాయి. కొన్నింటి కప్పు జారిపోయింది. మరి కొన్ని చెట్టు వేళ్ళు దూరి విచ్చుకొన్నాయి. పురావస్తు శాఖవారు వీటిని బృహత్ శిలా యుగపు సమాధులంటారు. తెలంగాణలో ఇలాంటి సమాధులు సుమారు మూడు వేల ఏళ్ళ క్రితం మొదలై, క్రీస్తు కాలం దాకా కట్టబడుతూ వచ్చాయని వారి అంచనా. అప్పటికే ఇక్కడివారికి ఇనుము తెలుసు. ఇలాంటి సమాధులలో నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, పూసలు దొరికాయి. పోయినవారు తమకు ఏమీ కానట్లు పారవేసిన జనులు కారు వీరు. వాడిన వస్తువులు ప్రక్కన పెట్టి, గౌరవంగా సాగనంపినవారు.

"తాతా, మీ పెద్దలు వీటిని ఏమంటారు?" అని అడిగాను.

"రాకాసి గుళ్ళంటరు అయ్యగారూ. ఇంత రాయిని మనుషులెట్ట లేపుతరు, రాకాసులే కట్టిండ్రని మా అవ్వ సెప్పేది. ఎండపూట గొడ్లు కాయబోయినప్పుడు వీటిల్లనే కూసునేటోళ్ళం. సల్లగుంటది. పొద్దుగూకినాక మాత్రం ఎవ్వరం ఈ దిక్కు రాకపోయేది."

ఒక ఇంటి కప్పు రెండు ముక్కలై, అడుగున గొయ్యి తవ్వి ఉంది. గుప్తనిధులున్నాయని ఎవరో రాత్రిపూట తవ్విన గొయ్యి అది.

"తవ్వినవారికి ఏమైనా దొరికిందా తాతా?"

"ఏం దొరుకుద్ది? కుండపెంకులు, బొక్కలు. వాళ్ళకు దొరికింది లేదుగాని, ఇల్లు మాత్రం పగిలింది."

ఈ రాయి ఎక్కడిది?

మా కుర్రవాళ్ళకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించినది కప్పు రాయి. పదడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అడుగు మందం గల పలక ఎంత బరువుంటుందో అక్కడే కూర్చొని లెక్క వేశాము. ఇసుకరాయి ఘనపుటడుగుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. అలాంటి పలకలో 80 ఘనపుటడుగులు. అంటే 5,200 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు దాదాపు డెబ్బై! మన ట్రాక్టరు ట్రక్కు కూడా అంత బరువుకు మూలుగుతుంది. యంత్రాలు లేని కాలంలో దానిని కొండ నుండి తెచ్చి, నిలబెట్టిన పలకల మీదికి ఎక్కించారు. దుంగల మీద దొర్లించి, మట్టికట్ట పోసి, తాళ్ళతో లాగి ఉంటారని పెద్దలు ఊహిస్తారు. ఒక కుటుంబం చేసే పని కాదు. ఊరంతా చేయి వేస్తేనే అయ్యే పని. చనిపోయిన ఒక మనిషి కోసం ఊరంతా పని మానుకొని వచ్చిందన్నమాట.

మరి రాయి ఎక్కడిది? తోగులో కనిపించిన రాయే. ఈ గోదావరి లోయలోని ఇసుకరాయి, పూర్వం పెద్ద నదులు తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి ఏర్పడింది. దాని వయసు సుమారు 25 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క వేస్తారు. ఇసుక పొరలు పొరలుగా పడినందున ఈ రాయి పొరలుగానే విడిపోతుంది. వడ్డెరవారు రాయి కొట్టే తీరు చూచినవారికి ఇది బాగా తెలుస్తుంది. రాయి ఎటు చీలుతుందో వారు ముందు చూస్తారు. ఆ వరుసలో చిన్న చిన్న గుంతలు తొలుస్తారు. వాటిలో ఇనుప చీలలు దిగవేసి, సమ్మెటతో వరుసగా ఒక్కొక్కదాని మీద కొడుతూ పోతారు. తొందరపడి ఒకే చోట గట్టిగా కొడితే పలక అడ్డంగా విరుగుతుంది. ఓపికగా కొడితే పొడవునా నిటారుగా విచ్చుకొంటుంది. ఆ కాలపు పనివారు సరిగ్గా ఏ పద్ధతి వాడారో గాని, ఇనుము చేతిలో ఉన్నవారు, రాయి మనసు తెలిసినవారు అని మాత్రం ఆ పలకల అంచులు చూస్తే అర్థమవుతుంది.

సొలొమోను మందిరము కట్టించినప్పుడు రాళ్ళన్నీ గని దగ్గరే సిద్ధపరచి తెచ్చినందున, కట్టే చోట సుత్తె గొడ్డళ్ళ చప్పుడు వినబడలేదని రాజుల మొదటి గ్రంథము ఆరవ అధ్యాయములో చదువుతాము. ఈ కొండవాలున నిలబడితే ఆ వచనము బాగా బోధపడుతుంది. చప్పుడంతా గనిలో. కట్టిన చోట నిశ్శబ్దం.

బొగ్గును కనుగొన్న మనిషి

రాయి గని మాట వచ్చింది కాబట్టి బొగ్గు గని మాట కూడా చెప్పాలి. మణుగూరు రోడ్డు మీద వచ్చేటప్పుడు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిదిబ్బలు కొండల్లాగే కనిపిస్తాయి. కొత్తగా చూచేవారు వాటిని దేవుడు చేసిన కొండలే అనుకొంటారు. బొగ్గు పైనున్న మట్టిని, రాయిని తీసి పోసిన గుట్టలవి. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాలకు ఆ గనులే అన్నం పెడుతున్నాయి. ఆ ప్రక్కనే కట్టిన భద్రాద్రి విద్యుత్ కేంద్రం 1,080 మెగావాట్లది.

ఈ బొగ్గు కథకు, మన రాతి శిలువల కథకు మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు విలియం కింగ్. భారత భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. భద్రాచలం యాత్రకు పోయేవారు ఇల్లెందు దగ్గర నల్లరాళ్ళతో పొయ్యి పెట్టుకొంటే రాళ్ళే అంటుకొన్నాయని మన ప్రాంతంలో చెప్పుకొంటారు. 1871లో కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని నిర్ధారించాడు. దానినుండే సింగరేణి గనులు పుట్టాయి. 1889లో తవ్వకం మొదలైంది. ఇల్లెందుకు బొగ్గుట్ట అనే పేరు అలా వచ్చినదే.

రాళ్ళ పొరలు వెదకుతూ గోదావరి ఒడ్డున అడవులన్నీ తిరిగిన ఈ కింగ్, మంగపేట దగ్గర శిలువ ఆకారపు రాళ్ళున్న శ్మశానమును చూచాడు. 1877లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దానిని గూర్చి వ్యాసం వ్రాశాడు. దానిని చరిత్రకు పూర్వపు శ్మశానమనే పిలిచాడు.

అప్పటి పొరపాటు, ఇప్పటి ఫోటో

కింగ్ కంటే ముందే సర్వే పని మీద ఇటు వచ్చిన ములెరన్ అనే ఆయన 1868లో మల్లూరు, కాటాపూర్ దగ్గరి సమాధులను, శిలువ రాళ్ళను గూర్చి తెలియజేశాడు. అది చదివిన జేమ్స్ ఫెర్గుసన్ అనే ప్రసిద్ధ శిల్పకళా చరిత్రకారుడు, 1872లో ప్రచురించిన తన పెద్ద పుస్తకంలో ఇవి క్రైస్తవ శిలువలేనని తలంచాడు. శిలువలు క్రైస్తవులవైతే, ప్రక్కనున్న రాతి సమాధులు కూడా క్రీస్తు తరువాతి కాలానివే కావాలని వాదించాడు. గొప్ప పండితుడే. భారతదేశపు కట్టడాలను గూర్చి ఆయన వ్రాసినది ఎంతో ఉంది. అయినా ఇక్కడ రాయి ఆకారమును చూచి తనకు తెలిసిన అర్థమును దానికి తగిలించాడు. నూట యాభై ఏళ్ళ తరువాత మన సెల్‌ఫోన్లలో తిరిగే ఫోటో క్రింద వ్రాత కూడా సరిగ్గా అదే.

ఇవి క్రైస్తవ శిలువలు ఎందుకు కావో చెబుతాను.

మొదటిది, కాలం. ఈ రాళ్ళు ఆ సమాధుల మధ్యనే, ఆ సమాధులు కట్టిన జనులే నిలబెట్టినవి. ఆ సమాధుల కాలం క్రీస్తు ముందు అనేక వందల ఏళ్ళ నుండి మొదలవుతుంది. క్రీస్తు తరువాత కూడా శిలువ గుర్తు క్రైస్తవులలో బహిరంగంగా వ్యాపించినది నాలుగవ శతాబ్దంలో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలం నుండి.

రెండవది, రూపం. ఈ రాళ్ళను దగ్గర నుండి చూస్తే అడ్డకొయ్య, నిలువు కొయ్య కావు అని తెలుస్తుంది. పైన తల, ప్రక్కలకు పొట్టి చేతులు, క్రింద మొండెం. దొంగతోగు దగ్గరి రాళ్ళలో స్త్రీ రూపం స్పష్టంగా ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పురావస్తు విషయం బోధించిన ఆచార్య కె.పి. రావు ఈ రాళ్ళను పరిశీలించి, ఇవి మనుష్యాకారపు శిలలని వ్రాశారు. ఇవి మనుష్యులు. చనిపోయిన తల్లి, తండ్రి, లేక పెద్ద.

మూడవది, సాక్ష్యం. మన దేశంలో నిజంగా పాతవైన క్రైస్తవ శిలువలున్నాయి. చెన్నైలోని పరంగిమల మీద 1547లో బయటపడిన శిలువ రాతి చుట్టూ పహ్లవీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. అది పారసీక దేశపు పాత భాష. కేరళలోని కొట్టాయంలో కూడా అలాంటివి ఉన్నాయి. వాటిని చెక్కినవారు తమ విశ్వాసమును అక్షరాలలో వ్రాసి పెట్టారు. మన అడవిలోని రాళ్ళ మీద అలాంటి అక్షరం ఒక్కటీ లేదు.

పేరు వ్రాయని రాయి

తిరుగు దారిలో ఒక మద్దిచెట్టు క్రింద చద్దిమూట విప్పాము. ఆ సమయంలో ఆ పెద్దాయన తనంతట తానే ఒక సంగతి చెప్పారు. కోయవారు చనిపోయిన పెద్దల పేర రాయి పాతడం ఇప్పటికీ ఉన్న ఆచారం.

"మా నాయన పోయినప్పుడు మేము గూడ రాయి పాతినం అయ్యగారూ. అప్పటికింకా నేను సంఘంలకు రాలే. పేరు రాయలే దాని మీద."

"పేరు లేకపోతే ఎవరిదో ఎట్లా తెలుస్తుంది తాతా?" అన్నాడు ఒక కుర్రవాడు.

"ఎందుకు తెల్వదు? పేరు మాకు ఎరుకే గద."

ఆ మాటకు ఎవరమూ బదులు చెప్పలేదు. అడవిలో నిలిచిన ఆ రాళ్ళ దగ్గర కూడా ఒకప్పుడు పేరు తెలిసినవారు నిలబడ్డారు. బిడ్డలను తీసుకువచ్చి, ఇదిగో మీ తాత, ఇదిగో మీ అవ్వ అని చూపించారు. ఆ ఎరుక తరం తరువాత తరం తగ్గి, చివరకు పోయింది. రాయి మిగిలింది. యాకోబు కూడా ఎఫ్రాతా మార్గమున రాహేలును పాతిపెట్టి, ఆమె సమాధి మీద ఒక స్తంభము నిలిపాడు. దుఃఖం గల మనిషి రాయిని వెదకుతాడు. ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా అంతే.

అలాంటి రాతికి మనము సున్నం వేసి, ఇది మాది అని చెప్పుకొంటే ఏమి చేసినట్లు? ఎవరి తల్లి సమాధి మీదనో మన పేరు వ్రాసుకొన్నట్లు.

యొర్దాను ఒడ్డున జరిగినది

యెహోషువ గ్రంథము 22వ అధ్యాయములో ఒక సంగతి ఉంది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర చూపునకు గొప్పదైన ఒక బలిపీఠము కట్టారు. దూరమునుండి దాని ఆకారము విన్న మిగిలిన ఇశ్రాయేలీయులు, వీరు వేరొక ఆరాధన మొదలుపెట్టారని తలంచి, యుద్ధానికి షిలోహులో కూడుకొన్నారు. అయితే కత్తి దూయక ముందు యాజకుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగించారు. అడిగితే తెలిసింది. అది బలుల కోసం కట్టినది కాదు. రెండు ఒడ్డుల పిల్లలు ఒకరినొకరు మరచిపోకుండా సాక్ష్యంగా నిలిపినది. యుద్ధం ఆగిపోయింది.

రాళ్ళ ఆకారం చూచి అర్థం చెప్పుకోవడం వలన అన్నదమ్ములే ఒకరినొకరు చంపుకోబోయారు. అడిగి తెలుసుకోవడం వలన బ్రతికారు. మన ఏజెన్సీ పల్లెల్లో కోయవారు, ఇతరులు, సంఘానికి వచ్చేవారు, రానివారు ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకొంటున్నాము. ఇలాంటి చోట ఒక పాత రాతికి మనము సున్నం వేస్తే, రేపు ఇంకొకరు వచ్చి దానికి పసుపు కుంకుమ పెడతారు. ఎల్లుండి రెండు గుంపులు కర్రలు పట్టుకొంటాయి. వేల ఏళ్ళుగా ఎవరితోనూ తగవు లేని రాతి దగ్గర మనము తగవు తెచ్చి పెట్టినవారమవుతాము.

అందుకే మా యౌవనస్థులతో ఇలా అన్నాను: గుడ్‌ఫ్రైడే ఆరాధన మన మందిరంలోనే చేసుకొందాము. క్రీస్తు శిలువ నిజమైనదని నిరూపించడానికి మంగపేట అడవిలోని రాయి సాక్ష్యం అక్కరలేదు. సత్యమైనదానికి అరువు తెచ్చిన సాక్ష్యం జత చేస్తే, ఆ అరువు సంగతి బయటపడిన రోజున సత్యం కూడా అనుమానంలో పడుతుంది.

వారిలో ఒకడు, మరి మన ప్రాంతంలో మనకు చరిత్రే లేదా అయ్యగారూ అని అడిగాడు. ఎందుకు లేదు? భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. 1860ల నాటికి గోదావరిలో పడవల మార్గం కోసం అక్కడ పెద్ద పనులు జరిగాయి. ఆ పనుల మీద ఉన్న హెయిగ్ అనే ఇంజనీరు, కోయవారి మధ్య సువార్త పని మొదలు కావాలని ఎంతో ప్రయాసపడ్డాడు. తరువాత జాన్ కెయిన్ అనే మిషనరీ దుమ్ముగూడెంలో అనేక సంవత్సరాలు నివసించి, కోయ భాష నేర్చుకొని, వారి ఆచారాలను శ్రద్ధగా వ్రాసి పెట్టాడు. అది మూడు వేల ఏళ్ళ చరిత్ర కాదు. నూట యాభై ఏళ్ళదే. కాని అది నిజంగా మనది. అడిగేవారికి చూపించగలిగినది. మన సంఘాల్లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టిపోతున్నాయి. మొదటి విశ్వాసులను ఎరిగిన ముసలివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మనది కాని రాతికి సున్నం వేసే ఆ రోజు పనితో, ఆ రిజిస్టరు ఒకటి బాగుచేయవచ్చు. ఒక అవ్వ దగ్గర కూర్చొని ఆమె చెప్పేది నోటుబుక్కులో వ్రాసుకోవచ్చు. మా యువకులు ఈ పని ఒప్పుకొన్నారు.

చూడబోయే కుటుంబాలకు

ఈ కొండలు చూడదగినవే. సెలవుల్లో పిల్లలను తీసుకొని తప్పక పోండి. అయితే కొన్ని మాటలు గుర్తుంచుకోండి.

చలికాలం చివర, ఎండ ముదరక ముందు పోవడం మంచిది. వానాకాలంలో తోగులు ఒక్కసారిగా పొంగుతాయి. గడ్డి ఎత్తుగా పెరిగి పాములు కనిపించవు. ఊరిలోని తెలిసినవారిని వెంటబెట్టుకోండి. త్రాగే నీరు మోసుకొని పోండి.

రాతి ఇండ్ల కప్పు మీదికి పిల్లలను ఎక్కనివ్వకండి. చూడడానికి గట్టిగా ఉన్నా, క్రింది పలకలు జారి ఉంటాయి. రాళ్ళ మీద పేర్లు చెక్కడం, రంగు పూయడం, మంట పెట్టి వండుకోవడం చేయకండి. ఇసుకరాయి మంటకు పొరలు లేచిపోతుంది.

పాత రాయి క్వారీ గుంతలలో, తవ్వి వదిలిన గోతులలో నీరు నిలిచి ఉంటే అందులో ఈతకు దిగనివ్వకండి. చెరువులాగా క్రమంగా లోతు పెరగదు. ఒడ్డునుండి ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు ఉంటుంది.

నిధుల మాట ఎవరైనా ఎత్తితే, జానంపేటలో మా పెద్దాయన చెప్పిన మాట చెప్పండి. రక్షిత స్థలాలలోని ప్రాచీన కట్టడాలను పాడుచేసినవారికి 1958 నాటి చట్టమును 2010లో సవరించిన ప్రకారం రెండేళ్ళ వరకు జైలు శిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పొలం దున్నేటప్పుడు పాత కుండలు, ఎముకలు, రాతి తొట్టి బయటపడితే, తవ్వడం ఆపి తహసీలుదారు కార్యాలయంలో తెలియజేయండి. అలాంటి పలకను చాకిరేవు బండగానో, గడప మెట్టుగానో ఇంటికి తెచ్చుకోకండి.

ఇక చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. ఆ రాళ్ళ ముందు నిలబడినప్పుడు మీ పిల్లలు తప్పక అడుగుతారు, ఇదేమిటి నాన్నా అని. యెహోషువ గిల్గాలులో పన్నెండు రాళ్ళు నిలిపినది కూడా పిల్లలు అలా అడుగుతారనే. జరిగినది జరిగినట్లు చెప్పండి. ఇక్కడ మనకంటే చాలా ముందు మనుష్యులు బ్రతికారని, వారు ఈ కొండను చీల్చి తమవారికి ఇల్లు కట్టారని, వారి పేర్లు ఇప్పుడు మనుష్యులెవరికీ తెలియవని, దేవునికి తెలుసునని చెప్పండి. తరువాత టోపీ తీసి, కాసేపు మౌనంగా నిలబడి, వచ్చిన దారినే ఇంటికి రండి.